మొదటి సైటు హోస్టింగ్‌లోకి ఎక్కించినం, అడ్రస్ కొడితే వస్తలేదు. మీకెట్లయింది?

జగిత్యాల పిల్ల:
అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ పాడే బతుకమ్మ పాటలు ఎన్నో ఏండ్ల నుంచి నోట్‌బుక్కుల రాసి పెట్టుకున్న. వాటితోని సైటు తయారు చేసిన. వర్డ్‌ప్రెస్ గిట్ల ఏం లేదు, ఒట్టి హెచ్‌టీఎంఎల్ పేజీలు. ల్యాప్‌టాప్‌ల తెరిస్తే మంచిగనే ఉన్నయి. డొమైను (సైటు పేరు), హోస్టింగు (ఫైళ్ళు పెట్టే సర్వర్ జాగ) ఒక్క దగ్గర్నే కొన్న, వాటిని నడిపేటందుకు సీపానెల్ అనే పేజీ ఇచ్చిన్రు. ఫోల్డర్ మొత్తం జిప్ చేసి ఫైల్ మేనేజర్‌ల ఎక్కించి ఎక్స్‌ట్రాక్ట్ కొట్టిన. ఇప్పుడు సైటు అడ్రస్ కొడితే కంపెనీవాళ్ళ "త్వరలో వస్తుంది" పేజీ వస్తుంది. అడ్రస్ చివర ఫోల్డర్ పేరు కలిపితే నా పేజీ వస్తుంది గానీ సగం ఫొటోలు లేవు. కాలేజీ ల్యాబుల పాత కంప్యూటర్ మీద కొత్త ఫైల్‌ల పేస్ట్ చేసి ఎక్కించిన రెండు పాటలైతే మొత్తం ప్రశ్నార్థకాలే. సద్దుల బతుకమ్మ నాటికి అమ్మమ్మకు ఫోన్ల చూపియ్యాలని ఉంది. జర చెప్పున్రి.

పాత సర్వర్:
అమ్మా, ముందు "త్వరలో" పేజీ సంగతి చూద్దాం. సీపానెల్‌లో సైటుకి ఇల్లు పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డరు. అడ్రస్ కొట్టగానే సర్వరు అందులో నేరుగా ఉన్న ఇండెక్స్ ఫైలు, అంటే సైటు మొదటి పేజీ కోసం వెతుకుతుంది, లోపలి ఫోల్డర్లలోకి దూరి చూడదు. మీరు ఫోల్డర్నే జిప్ చేశారు కాబట్టి విప్పినప్పుడు అది ఫోల్డర్‌గానే వచ్చి కూర్చుంది. దాన్ని తెరిచి, సెలెక్ట్ ఆల్ కొట్టి, మూవ్ నొక్కి, పాత్ దగ్గర పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ వరకే ఉంచండి. కంపెనీవాళ్ళు పెట్టిన డిఫాల్ట్ పేజీ అక్కడే ఉంటే దాని పేరు మార్చండి. అది ఇండెక్స్.పీహెచ్‌పీ పేరుతో ఉంటే చాలా సర్వర్లు మీ ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ కంటే ముందు దాన్నే చూపిస్తాయి. చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు కనిపిస్తే ముట్టుకోవద్దు. అన్నీ సర్దాక కూడా పాత పేజీయే వస్తుంటే కంట్రోల్ ఎఫ్5 కొట్టండి, బ్రౌజరు దాచుకున్నది పోతుంది.

వరంగల్ శ్రీను:
చెల్లే, ఫొటోలది నేను చెప్త. విండోస్‌కు క్యాపిటల్, స్మాల్ అక్షరాలు ఒక్కటే. హోస్టింగ్ సర్వర్లు ఎక్కువ లైనక్స్, దానికి రెండూ వేరు వేరు. కెమెరా ఫైలు చివర జేపీజీ అని క్యాపిటల్స్‌ల ఇస్తది, మనం కోడ్‌ల స్మాల్‌ల రాస్తం. ల్యాప్‌టాప్‌ల కనబడ్తది, సర్వర్ మీద 404, అంటే ఫైలు దొరకలేదని. సగం ఫొటోలే పోయినయంటే ఇదే అయి ఉంటది.

ఖాళీ డబ్బా కనబడే కాడ రైట్ క్లిక్ చేసి ఇమేజ్‌ను కొత్త ట్యాబ్‌ల తెరువు. పైన అడ్రస్ బార్ల ఏ పేరు అడుగుతుందో చదువు, ఫైల్ మేనేజర్‌ల ఉన్న పేరు పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చు. అడ్రస్‌ల సీ డ్రైవ్, యూజర్స్ అని కనబడితే మాత్రం అది నీ ల్యాప్‌టాప్ పాత్, లోకంల ఇంకెవ్వరికీ తెరుచుకోదు. అసుంటివి "ఫొటోలు ఉన్న ఫోల్డర్ పేరు, స్లాష్, ఫైల్ పేరు" అని మార్చాలె. నేనైతే అన్ని ఫైళ్ళకూ స్మాల్ అక్షరాలే పెడ్త, స్పేస్ బదులు హైఫన్ వాడ్త.

కోనసీమ కుర్రాడు:
ప్రశ్నార్థకాల గురించి కొంచెం వివరంగా చెప్తానండి, తెలుగు సైటు పెట్టే ప్రతివాళ్ళకీ పనికొస్తుంది. తెలుగు చెడిపోవడంలో రెండు రకాలున్నాయి. మొదటిది, తలమీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే ఏ, ఇలా పేజీ నిండా కనిపించడం. ఇలా ఉంటే కంగారు పడక్కర్లేదు. అక్షరాలు క్షేమంగానే ఉన్నాయి, బ్రౌజరు తప్పుగా చదువుతోందంతే. పేజీ కోడ్‌లో హెడ్ భాగం మొదట్లోనే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని రాస్తే సరిపోతుంది. యూటీఎఫ్-8 అంటే అన్ని భాషల అక్షరాలూ దాచే పద్ధతి.

రెండోది మీదండి, ఉత్త ప్రశ్నార్థకాలు. ఇక్కడ అక్షరాలు సేవ్ అయినప్పుడే పోయాయి. పాత నోట్‌ప్యాడ్ కొత్త ఫైలుని ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో దాస్తుంది, అందులో తెలుగుకి చోటు లేదు. సేవ్ చేసేటప్పుడు యూనికోడ్ అక్షరాలు పోతాయని హెచ్చరిక వస్తుంది, ఓకే అన్నాక ప్రతి అక్షరం బదులూ ఒక ప్రశ్నార్థకం మిగులుతుంది. సర్వర్ మీద ఎంత సవరించినా ఆ ఫైల్లోంచి పాట తిరిగి రాదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీ తీసుకుని, సేవ్ యాజ్‌లో కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని మళ్ళీ ఎక్కించండి. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8 వాడుతోంది. ల్యాబుల్లోవి అంతకంటే పాతవైతే అక్కడ ఎడిట్ చేయకపోవడమే మంచిదండి.

డాలస్ మావయ్య:
అమ్మాయ్, ఎంత మంచి పని పెట్టుకున్నావో! తొంభైల్లో మాకు ఈ యూనికోడ్ వసతి లేదు. తెలుగు పాటలు ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకునేవాళ్ళం. ఉచితంగా చోటిచ్చే జియోసిటీస్ లాంటివాటిలో సొంత పేజీలు పెట్టేవాళ్ళం. 1999లో దాన్ని యాహూ కొన్నది, 2009 అక్టోబరులో అమెరికాలో మూసేసింది. నా పేజీల కాపీ ఇంట్లో డిస్కులో ఉంది కాబట్టి నాకు మిగిలాయి. నువ్వు కూడా సర్వరుని దాచుకునే చోటు అనుకోకు. అసలు ఫైళ్ళ కాపీ నీ ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఇంకొకటి ఉండాలి. హోస్టింగ్ రెన్యువల్ తేదీ ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంచు. ఎప్పుడైనా డబ్బు కట్టడం భారమనిపిస్తే గిట్‌హబ్ పేజెస్‌లో ఇలాంటి హెచ్‌టీఎంఎల్ సైటు ఉచితంగా నడుస్తుంది, పరిమితి 1 జీబీ. పాటలకి అది బోలెడు.

జగిత్యాల పిల్ల:
అందరికీ దండాలు! మూవ్ చేసిన, అడ్రస్ కొడితే నా పేజీనే వస్తుంది. శ్రీనన్న చెప్పినట్టే జేపీజీల కథే. పాటలు కూడా మళ్ళ ఎక్కించిన, చక్కగ తెలుగుల కనబడ్తున్నయి. ఇంకొక్కటి. ఫోన్ల "నాట్ సెక్యూర్" అని చూపిస్తుంది. అమ్మమ్మ పాటల మీద ఆ మాట కనబడితే నాకు మనసునవడ్తలేదు.

పాత సర్వర్:
సైటుకీ ఫోనుకీ మధ్య రాకపోకలకి తాళం వేసే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ ఇంకా పడలేదమ్మా. సీపానెల్‌లో ఎస్‌ఎస్‌ఎల్ స్టేటస్ తెరిచి రన్ ఆటోఎస్‌ఎస్‌ఎల్ నొక్కండి. దీనికి వేరే డబ్బు కట్టమంటే కట్టకండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఉచితంగానే ఇస్తోంది, దాన్నో అలాంటిదాన్నో చాలా హోస్టింగులు ఇస్తున్నాయి. వాటి గడువు చిన్నది, కానీ సర్వరే మళ్ళీ తెచ్చుకుంటుంది. ఆ తర్వాత డొమైన్స్ పేజీలో ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్ ఆన్ చేయండి.

ఇకమీదట ఎక్కువ ఫైళ్ళుంటే వాటిని సర్వరుకి పంపే ఫైల్‌జిల్లా అనే ప్రోగ్రాం వాడండి. మీ హోస్టింగ్ ఎస్‌ఎఫ్‌టీపీ (తాళం వేసి ఫైళ్ళు పంపే పద్ధతి) ఇస్తే అదే ఎంచుకోండి, మామూలుగా పోర్ట్ 22. పోర్ట్ 21లో నడిచే ఉత్త ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ తాళమూ లేకుండా పోతుంది, కాలేజీ వైఫైలో అస్సలు వద్దు. ఎక్కించాక 403, అంటే చూడటానికి అనుమతి లేదని వస్తే పర్మిషన్లు చూడండి, ఫైళ్ళకి 644, ఫోల్డర్లకి 755. ఎవరైనా 777 పెట్టమంటే వినకండి, అది ఎవరైనా మార్చేలా తలుపులు తెరిచి పెట్టడమే.

వరంగల్ శ్రీను:
ఫొటోలు ఫోన్ల తీసినయి తీసినట్టే పెట్టినవ్ కదా చెల్లే. ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటది, ఊర్ల సిగ్నల్‌కు తెరుచుకునే వరకు ఆగరు. వెడల్పు 1200 పిక్సెళ్ళకు తగ్గించి ఎక్కియ్యి.

జగిత్యాల పిల్ల:
తాళం గుర్తు వచ్చిందన్నా! ఫొటోలు రేపు తగ్గిస్త. అమ్మమ్మ గొంతుతోని రికార్డు చేసినయి కూడా ఉన్నయి. అవి పెడితే సైటు బరువైతదా?

కోనసీమ కుర్రాడు:
తప్పకుండా పెట్టండి, అసలు సొత్తు అదేనండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో మోనో చేసి, 64 కేబీపీఎస్ ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేస్తే నిమిషానికి 480 కేబీ. అయిదు నిమిషాల పాట సుమారు 2.4 ఎంబీ అవుతుంది. ఒక్క గొంతుకి ఆ నాణ్యత చాలు. ఆడియో ట్యాగులో ప్రీలోడ్ నన్ అని రాయండి, ప్లే నొక్కితేనే దిగుతుంది. రికార్డింగు అసలు ఫైళ్ళు మాత్రం తగ్గించకుండా విడిగా దాచుకోండి.