సూది మోపినంతా, గుచ్చినంతా?

పదపిచ్చి: క్లోమంలో (పాంక్రియాస్‌లో) గడ్డ కనబడినవాళ్ల కోసం బయాప్సీ కరపత్రం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ‘సూది మోపినంత ముక్క తీస్తారు’ అని రాశాక అనుమానం పట్టుకుంది. పాండవులకు సూదిమొనంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుడి మాట ‘మోపినంత’నా, ‘గుచ్చినంత’నా? ఎప్పుడో విన్న పద్యం నాలుక చివర ఆడుతోంది, బయటికి రావడం లేదు.

ప్రాసప్రియ: వ్యాసుడి శ్లోకంలో క్రియ ‘విధ్యేత్’. వ్యధ్ ధాతువు, అంటే పొడవడం. కాబట్టి గుచ్చినంత. ‘మోపినంత’ వాడుకలో మొన అరిగిన రూపం.

నిఘంటువు పురుగు: అరగడమేంటండీ? కాలు మోపాడంటే ఊరికే తాకించాడనా? మోపడంలో బరువుంది. ఆ వ్యధ్ వేరు, బాధ అనే వ్యథ వేరు. థకారం అండీ, పత్రికలవాళ్లకూ చెప్పి చెప్పి అలిసిపోయాను.

ఎండోస్కోపీ గది: మా దగ్గర రెండూ జరుగుతాయి. క్లోమం ఉండేది జీర్ణాశయం వెనక. గొట్టం నోట్లోంచి వెళ్తుంది, దాని కొసనే అల్ట్రాసౌండ్. ఆ కొసను లోపలి గోడకు మోపి, దారిలో రక్తనాళం లేదని డాప్లర్‌తో (రక్తం పారడాన్ని చూపే అల్ట్రాసౌండ్‌తో) చూసుకుని, అప్పుడు గుచ్చుతాం. క్లోమం తలభాగంలో గడ్డయితే మామూలుగా డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) నుంచి, తోకభాగంలో అయితే జీర్ణాశయం నుంచి. తెర మీద సూది తెల్లటి గీతలా దిగుతుంది. గడ్డ లోపల ముందుకూ వెనక్కూ ఆడిస్తాం. సూది లావుని గేజ్‌లలో చెప్తాం: 22 గేజ్ కంటే 25 సన్నం, అంకె పెరిగితే సూది సన్నబడుతుంది. అన్నట్టు, ఎఫ్‌ఎన్‌ఏలో, అంటే సన్నసూదితో లాగే పరీక్షలో, ప్రధానంగా వచ్చేవి కణాలు. ‘ముక్క’ అనాలంటే కణజాలాన్ని ముక్కగా తీసే కోర్ సూది వాడాలి.

పదపిచ్చి: మోపేది గొట్టం, గుచ్చేది సూది అన్నమాట! మరి డాక్టర్లు తేడాగా కనబడే భాగాన్ని అనే ‘లీజన్‌’కి ‘గడ్డ’ సరిపోతుందా? నీటితిత్తి కూడా లీజనే కదా.

నిఘంటువు పురుగు: ముందు క్లోమం సంగతి తేలనివ్వండి. ఆయుర్వేదంలో ఆ మాట ఏ అవయవానిదో పండితులకే ఏకాభిప్రాయం లేదు. హిందీవాళ్లు అగ్న్యాశయం అని తప్పుకున్నారు.

ప్రాసప్రియ: అవయవాలు అలా ఉంచండి. ఆ మాట ఉన్న ఉద్యోగపర్వం తెలుగులో తిక్కనగారిది. ఆయన చేతిలో ఒక్క క్రియ చాలు, మాట్లాడేవాడి పొగరంతా కళ్ల ముందు నిలబడుతుంది. ఆయన ఏ క్రియ వేశాడో చూడకుండా తీర్పేంటి?

పదపిచ్చి: తీర్పిచ్చింది మీరే కదండీ!

ఎండోస్కోపీ గది: ఏ క్రియ వేసినా, ఒక్క వాక్యం మాత్రం వదలొద్దు: రిపోర్టులో క్యాన్సర్ కణాలు కనబడలేదంటే క్యాన్సర్ లేనట్టే అని కాదు. అనుమానం మిగిలితే మళ్లీ గుచ్చాల్సి రావచ్చు.

నిఘంటువు పురుగు: ఆ కరపత్రంలో ‘రోగి వ్యధ’ అని ఉంటే మాత్రం అచ్చుకి ముందే దిద్దండి.