తోటలో కుక్క పట్టిన కుందేలుకి కాయ ఉంది... క్యాన్సర్ వైరస్ అంటారేమిటి?

ఉద్దానం కొబ్బరితోట:
మాది కవిటి దగ్గర. మొన్న ఆదివారం మా కుక్క జీడితోటలోంచి చెవులపిల్లిని నోట కరుచుకొచ్చింది. దాని చెవి మొదట్లో నిమ్మకాయంత కాయ, బెరడులా గట్టిగా ఉంది. అమ్మ తోట అవతల గొయ్యి తీయించి పూడ్పించింది. అంతటితో పోయేది. రాత్రి మా మావయ్య వాట్సాప్‌లో వీడియో పంపాడు: అమెరికాలో ఒక కుందేలు, మొహం నిండా నల్లటి కొమ్ములు, కింద ‘క్యాన్సర్ వైరస్’ అని. అసలే కిడ్నీ పరీక్షల కాగితాలు బీరువాలో దాచుకునే ఊళ్లు మావి, కొత్త రోగం పేరు వింటే చాలు టెన్షన్. మా గుంటడు ఆ కుక్కని పట్టుకునే పడుకుంటాడు. ఏం చేయాలి?

పాత కాంపౌండర్, బొబ్బిలి:
ముందు ఇది చెప్పండి, కుక్కకి రేబిస్ టీకా వేయించారా? నా భయమంతా దాని గురించే. ఆ కాయ చీముగడ్డో, గోమార్లు పట్టిన చోటో కావచ్చు. పూడ్చేశాక ఇక ఎవరూ చెప్పలేరు.

వీడియో అబద్ధం కాదు. అది అక్కడి కాటన్‌టెయిల్ అనే అడవి కుందేళ్లకి వచ్చే పాపిలోమా వైరస్, అంటే ఉలిపిర్లు పుట్టించే రకం. 1933లో రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్త ఆ కొమ్ములు నూరి, బాక్టీరియా దాటలేని వడపోతలో పోసి, దిగిన నీటిని వేరే కుందేళ్ల గీరిన చర్మం మీద రాశాడు. వాటికీ మొలిచాయి. అన్నీ క్యాన్సర్ కావు, నెలలు గడిచాక కొన్ని మారతాయి. నోటి చుట్టూ మొలిస్తే మేత తినలేకే పోతాయి పాపం. ఆ మార్పుని తర్వాత పట్టి చూసినవాడు పేటన్ రౌస్. కోళ్ల కంతికి వైరస్ కారణమని ఆయన 1911లోనే చెప్పాడు, నోబెల్ ఇచ్చింది 1966లో. నా పింఛను ఫైలే నయం.

ఈ జాతి వైరస్‌లు ఎక్కువగా తమ జంతువునే పట్టుకుని ఉంటాయి. దూడ మెడ మీది ఉలిపిర్లు పక్క దూడకి అంటుకుంటాయి, పాలు పితికే మనిషికి రావు. మా నాయనమ్మ వాటికి గుర్రపు వెంట్రుక కట్టేది. నెలల్లో వాటంతటవే రాలిపోయేవి, పేరు మాత్రం వెంట్రుకకి!

సైన్సు టీచర్, విజయనగరం:
క్యాన్సర్ రావడానికి చాలాసార్లు వైరస్ ఒక్కటే ఉంటే సరిపోదు. కాలిఫోర్నియా తీరానికి కొట్టుకొచ్చి చనిపోయిన పెద్ద సీ లయన్లని (సీల్ లాంటి సముద్ర జంతువులు) కోసి చూస్తే దాదాపు 18 నుంచి 23 శాతానికి జననాంగాల దగ్గర మొదలైన క్యాన్సర్ కనిపించింది. వాటిలో ఒక హెర్పిస్ వైరస్ ఉంది. దానితోపాటు కొవ్వులో పీసీబీలు అనే ఫ్యాక్టరీ రసాయనాలు, డీడీటీ పురుగుమందు పేరుకున్న వాటికి ముప్పు ఎక్కువ. మనం సముద్రంలోకి వదిలిందే అదంతా.

ఉద్దానం కొబ్బరితోట:
కాంపౌండర్ గారూ, మంచి మాట అడిగారు. కార్డు తీసి చూస్తే టీకా గడువు దాటి ఐదు నెలలు. పొద్దున్నే బైకు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి వేయించాం. గుంటడు ఈ రాత్రి కూడా దాని పక్కనే పడుకున్నాడు.