నీడ పడే మడిలో హోస్టా నాటాలా, పాలకూర చల్లాలా?

ప్రశ్న:
మా ఇంటి గోడ పక్కన 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల మడి ఖాళీగా ఉంది. ఉదయం రెండు గంటలకు మించి ఎండ పడదు. నీడలోనే పెరిగి, ఏటేటా మళ్ళీ చిగురించి, లేత ఊదా పూలు పూసే హోస్టాను అక్కడ నాటాలని నాకు ఎంతో కోరికగా ఉంది. పాలకూర చల్లితే వంటకైనా పనికివస్తుందని ఇంట్లోవారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం 1:
ఆ రెండు గంటలను ఏ కాలంలో లెక్కపెట్టారో ముందు గుర్తు చేసుకోండి, ఎందుకంటే సూర్యుని దారి మారినప్పుడు ఆ కాస్త ఎండ కూడా పడకపోవచ్చు. టమాటా, వంకాయలకంటే ఆకుకూరలు నీడను ఓర్చుకుంటాయన్నది నిజమే కానీ, వాటికీ రోజుకు కనీసం మూడు నాలుగు గంటల ఎండ కావాలి. నేను ఇటువంటి చోటనే పాలకూర చల్లాను. కాడలు సన్నగా సాగి, ఆకులు పలచబడి, మొదటి కోతతోనే మడి చతికిలబడింది. వెలుతురు చాలని ఆకుకూరల్లో నైట్రేట్లు (ఎక్కువైతే ఒంటికి మంచివి కాని నత్రజని లవణాలు) ఎక్కువగా పేరుకుంటాయి కనుక, వాటిని ఇంకా పెంచే యూరియా వేసి పచ్చదనం తెప్పించాలని మాత్రం చూడకండి.

సమాధానం 2:
పై సలహాతో ఏకీభవిస్తాను, అయితే హోస్టాకూ ఒక షరతు ఉంది. శీతాకాలంలో దాని ఆకులన్నీ ఎండిపోయి, దుంప నేలలో నిద్రపోతుంది. ఆ నిద్రకు కొన్ని వారాల గట్టి చలి అవసరం. చలి లేని చోట అది ఏడాదికేడాది క్షీణిస్తుంది. మీది వెచ్చని ప్రాంతమైతే నీడలో పెరిగి తెల్లని పూలు పూసే పీస్ లిల్లీని ఎంచుకోండి. మరొక మాట: హోస్టా ఆకులు కుక్కలకు, పిల్లులకు విషం. నత్తలకు అవంటే మహా ఇష్టం, కనుక రాత్రి పూట టార్చి పట్టుకుని ఏరివేయవలసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా దగ్గర శీతాకాలంలో మంచు గడ్డకడుతుంది, పెంపుడు జంతువులు లేవు. మడిలో హోస్టా నాటి, ఎండ బాగా పడే మెట్ల మీద ఒక జానెడు లోతు గల తొట్టిలో పాలకూర చల్లుతాను. ఇంట్లోవారు ఇందుకు ఒప్పుకున్నారు.