వెండి కమ్మల్లో సాగర్ గేటు: రెండో అతుకు వేస్తే మొదటిది ఊడుతోంది

పానగల్లు కమ్మలక్క:
మాది నల్లగొండ పక్కన పానగల్లు. ఇంట్లోనే వెండి కమ్మలు చేసి అమ్ముతుంటా. ఈసారి చెవికి ఆనే బిళ్ల మా ఛాయా సోమేశ్వరాలయం నుంచి, కింద వేలాడేది నాగార్జునసాగర్ గేటు నుంచి తీసుకున్నా. గోపురాలు, దేవుడి బొమ్మలు ప్రతి షాపులోనూ ఉన్నాయి, అవి వద్దనుకున్నా. నాకు కావలసింది గర్భగుడిలో పొద్దంతా కదలకుండా నిలబడే ఆ స్తంభం నీడ. అందుకే స్తంభం చెక్కలేదు. బిళ్ల మీద నిలువు గాడి కోసి, గంధకం పట్టించి నల్లగా చేశా. అది బాగానే కుదిరింది.

గేటుతోనే టెన్షన్. వంపు రేకు, వెనక రెండు చేతులు, అవి కలిసేచోట పిన్ను, చుట్టూ చిన్న చట్రం. ఒక చేయి అతికించి రెండోదానికి మంట పెట్టగానే మొదటిది జారిపోతోంది. మూడు జతలు పాడయ్యాయి. 92.5 వెండి, 0.8 మి.మీ. రేకు. ఒక్కోటి 11 గ్రాములు తూగింది. మా చెల్లె పెట్టుకుని అరగంటకే తీసేసింది.

అవుసలోళ్ల పిల్లగాడు:
అక్కా, రెండింటికీ ఒకటే టంకం వాడుతున్నవా? ముందు ఎక్కువ కాకకు కరిగే గట్టి టంకం, తర్వాత తక్కువ కాకకే కరిగేది పెట్టాలె. అయిపోయిన అతుకు మీద జాజు పూసి ఆరనియ్యి, గడపకు పూసే జాజే. అక్కడ టంకం పారదు. టంకం పారేటట్టు చేసే వెలిగారం కొత్త అతుకుకు మాత్రమే. చేతులు కదలకుండా ఇనుప తీగతో కట్టు. మంటకు పట్టిన నలుపు పోవటానికి యాసిడ్ల వేసేముందు ఆ తీగ తీసెయ్, లేకుంటే వెండి మీద రాగి పట్టి ఎర్రగైతది. మంట ముందు పెద్ద రేకుకు చూపించు. సన్న చేతులకు నేరుగా తగిలితే కరిగి గుండ్లయితయి.

రిటైర్డ్ ఫిట్టర్, హాలియా:
గేటు ఆకారం మీద ఒక మాటమ్మా. ఆ వంపు ఒక వృత్తంలో ముక్క. దాని కేంద్రంలోనే పిన్ను ఉండాలె. అట్లుంటేనే నీళ్ల నెట్టుడంతా పిన్ను మీదికి పోతది, గేటు లేపుడు తేలికైతది. నీ కమ్మలో నీళ్లు లేవు గానీ, కేంద్రం తప్పితే ఊగినప్పుడల్లా రేకు చట్రానికి రాసుకుంటది. ఆ డ్యాముకు 26 గేట్లున్నయని అన్నీ పెట్టబోకు, చెవికి ఒకటి చాలు.

పానగల్లు కమ్మలక్క:
రాసుకోవడం నిజమే, అది నేను రాయడం మరిచా! అమ్మ డబ్బాలోంచి జాజు తీసి పూశా, అతుకు కదల్లేదు. రేకు 0.5కి తగ్గిస్తే బరువు 7 గ్రాములకు దిగింది. ఇనుప తీగ మాత్రం తీయకుండా యాసిడ్‌లో వేశా. ఎర్రబడిన ఆ జతను మా చెల్లె తీసేసుకుంది, రాగి రంగే బాగుందట.