ఇంగ్లిష్‌లో ‘దాన్’ (than, ‘కంటే’) తర్వాత మాటలు ఎక్కడ వదిలేయొచ్చు, ఎక్కడ వదలకూడదు?

సీజీఎల్_ఈసారి_కొట్టాలి

అందరికీ నమస్కారం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్నాను, పదో తరగతి దాకా తెలుగు మీడియం. నిన్న మాక్ టెస్ట్‌లో తప్పు పట్టమని ఒక వాక్యం ఇచ్చారు: ‘ద క్లైమేట్ ఆఫ్ ఊటీ ఈజ్ కూలర్ దాన్ చెన్నై’. తప్పేమీ లేదని పెట్టాను, మార్కు పోయింది. ‘దాన్ దట్ ఆఫ్ చెన్నై’ అని ఉండాలట. సరే అనుకునేలోపే తర్వాతి ప్రశ్నలో ‘షీ ఈజ్ టాలర్ దాన్ హర్ బ్రదర్’ కరెక్ట్ అన్నారు. అక్కడ చివర ‘ఈజ్’ కూడా లేదు కదా? ఒకచోట మాట వదిలేస్తే తప్పు, ఇంకోచోట ఒప్పు ఎలా అవుతుంది? రూల్ బట్టీ పట్టి విసిగిపోయాను, అసలు కారణం ఎవరైనా చెప్పండి. పరీక్ష దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

సుద్దముక్క

తమ్ముడూ, నేను ఇంగ్లిష్ టీచర్ని. ఈ తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను, ఎందుకు వస్తుందో కూడా తెలుసు. తెలుగులో ‘ఊటీ వాతావరణం చెన్నై కంటే చల్లగా ఉంటుంది’ అంటే ఎవరూ ఆపరు, ‘చెన్నై వాతావరణం కంటే’ అని మనం అనకపోయినా వినేవాళ్లు ఆ మాట వాళ్లే వేసుకుంటారు. మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్ వాళ్లూ అలా అనేస్తారు గానీ, రాతలో, ముఖ్యంగా పరీక్షలో, ‘దాన్’కి అటూ ఇటూ ఒకే రకం వస్తువులు ఉండాలి. ఇటు వాతావరణం, అటు ఊరు పెడితే కుదరదు.

వదిలేసిన మాటని మళ్లీ పెట్టి చదువు. ‘దాన్ హర్ బ్రదర్ ఈజ్’ అంటే ఇటు మనిషి, అటు మనిషి, ‘ఈజ్’ మొదటి సగంలో ఎలాగూ ఉంది కాబట్టి రెండోసారి చెప్పక్కర్లేదు. ‘దాన్ చెన్నై ఈజ్’ అని చదివితే చల్లగా ఉన్నది ఊరైపోయింది, క్లైమేట్ మధ్యలో జారిపోయింది. దాన్ని నిలబెట్టడానికే ‘దట్ ఆఫ్’. బహువచనమైతే ‘దోజ్ ఆఫ్’.

‘అదర్’ కూడా చూసుకో. ‘గోదావరి ఈజ్ లాంగర్ దాన్ ఎనీ అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా’ అనే వాక్యంలో ‘అదర్’ తీసేస్తే, గోదావరి కూడా దక్షిణాది నదే కాబట్టి, 1,465 కిలోమీటర్ల ఆ నది తనకంటే తానే పొడవని చెప్పినట్టవుతుంది.

డల్లాస్_నుంచి

టీచర్ గారు చెప్పింది పరీక్షకే కాదండీ, ఉద్యోగంలోనూ పనికొస్తుంది. నేను ఒకసారి మా మేనేజర్‌కి మెయిల్‌లో ‘ఐ ట్రస్ట్ ద న్యూ టెస్టర్ మోర్ దాన్ యూ’ అని రాశాను. ఆ టెస్టర్ మీద ఆయనకున్న నమ్మకం కంటే నాకున్న నమ్మకం ఎక్కువ అని నా ఉద్దేశం. ఆయన మాత్రం ‘మీకంటే ఆ టెస్టర్నే ఎక్కువ నమ్ముతున్నాను’ అన్నానని అర్థం చేసుకున్నారు. రెండు రోజులు ముభావంగా ఉన్నారు, నేనే వెళ్లి అడిగితే గానీ సంగతి బయటపడలేదు. చివర ‘డూ’ అని ఒక్క మాట పెట్టుంటే ఆ గొడవే లేదు. ‘దాన్ యూ డూ’ అంటే రెండో అర్థానికి చోటే ఉండదు. తెలుగులోనూ ఈ చిక్కు ఉంది చూడండి: ‘అమ్మ నాకంటే చెల్లిని ఎక్కువ నమ్ముతుంది’ అంటే ఎవరి నమ్మకంతో ఎవరి నమ్మకాన్ని పోలుస్తున్నట్టు? అప్పటినుంచి రెండు అర్థాలు వచ్చేచోట నేను మాట మిగల్చను.

పాత_డిక్షనరీ

వదిలి తీరాల్సిన చోట్లు కూడా ఉన్నాయి, వాటి గురించి ఎవరూ చెప్పరు. ‘హీ బాట్ మోర్ బుక్స్ దాన్ హీ కుడ్ రీడ్’ సరైనది. మనవాళ్లు చివర ‘దెమ్’ తగిలిస్తారు, అది తప్పు. ‘టాలర్ దాన్ ఐ యామ్ టాల్’ కూడా అంతే, రెండో ‘టాల్’ రాకూడదు. కానీ ‘ద టేబుల్ ఈజ్ లాంగర్ దాన్ ద డోర్ ఈజ్ వైడ్’ అన్నప్పుడు బల్ల పొడవుని తలుపు వెడల్పుతో పోలుస్తున్నాం, ‘వైడ్’ మొదటి సగంలో లేదు, వదిలేస్తే వినేవాళ్లకి దొరకదు.

‘దాన్ ఐ’ నా, ‘దాన్ మీ’ నా అనే గొడవా ఇక్కడిదే. 1762లో, తర్వాత బిషప్ అయిన రాబర్ట్ లౌత్ అనే ఇంగ్లిష్ మతాధికారి తన వ్యాకరణంలో, లోపించిన క్రియని మనసులో పెట్టుకుని సర్వనామం రూపం నిర్ణయించుకోమన్నాడు. ఆ లెక్కన ‘టాలర్ దాన్ ఐ’. వాడుకలో ఎప్పటినుంచో ‘దాన్ మీ’ ఉంది, దాన్ని తప్పనడం నాకు ఇష్టం ఉండదు. పరీక్షలో మాత్రం ‘దాన్ ఐ యామ్’ ఆప్షన్ ఉంటే అదే పెట్టు, ఎవరూ కాదనలేరు.

సీజీఎల్_ఈసారి_కొట్టాలి

అందరికీ చాలా థాంక్స్. మాట వెనక్కి పెట్టి చదవడం ఇవాళ 20 ప్రశ్నల మీద ప్రయత్నించాను, ఒక్కదాని దగ్గర ఆగిపోయాను. ‘హిజ్ హ్యాండ్‌రైటింగ్ ఈజ్ బెటర్ దాన్ మీ’ తప్పని తెలిసింది, చేతిరాతని నాతో పోల్చారు. మరి ‘దాన్ దట్ ఆఫ్ మీ’ అనాలా?

సుద్దముక్క

అక్కర్లేదు తమ్ముడూ, ‘దాన్ మైన్’. ‘మైన్’ అంటేనే ‘నాది’, అందులో చేతిరాత వచ్చేసింది.