కిణ్వమా, నేతనా, ఇంకేమన్ననా?

మొన్న ఒక తమ్ముడు అడిగిండు, ఎంజైమ్‌కు తెలుగుల కిణ్వం అంటే సరిపోదా అని. సగమే సరిపోతది. ఎంజైమ్ అన్న పేరు 1870లల్ల జర్మనీ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్యూనె పెట్టిండు, గ్రీకుల "ఈస్టు లోపట" అని అర్థం, సంస్కృతంల కిణ్వం అన్నా సారా పులిసెతందుకు ఏసేదే, రెండు భాషలు ఒక్క కుండ కాడికే వచ్చినయ్. మా నల్లగొండ దిక్కు కల్లు లొట్టి చూసినోళ్లకు ఇది కొత్త గాదు, సున్నం పూసి కడితే తియ్యగుంటది, కడగని లొట్టి కడితే అడుగున అంటుకున్న ఈస్టు చక్కెరను తింటనే ఉంటది, దించేసరికే పులుస్తది.

కానీ పులుసుడంటే విరగ్గొట్టుడు. మరి చిన్న ముక్కలను అతికి పెద్ద అణువును కట్టేటి ఎంజైములను ఏమనాలె? సంశ్లేషకం అంటే కండ్ల ముందట ఏం కనిపియ్యదు. నేనైతే నేత ఎంజైమ్ అంట.

ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందునే తీస్కోండ్రి. మట్టిల ఉండే సాకరోపాలీస్పోరా ఎరిత్రియా అనే బ్యాక్టీరియా చేస్తది. ఈ మందును కట్టెతందుకు దాంట్ల మూడు భారీ ఎంజైము ప్రోటీన్లు, వాటిల ఆరు మాడ్యూళ్లు, అంటే ఒక్కోటి ఒక్కో అతుకు ఏసే భాగాలు. మూడు కార్బన్ల ముక్కతోని మొదలు, ఒక్కో మాడ్యూల్ ఇంకో ముక్క అతికి పక్కదానికి అందిస్తది, ఆఖరికి 21 కార్బన్లు, దాన్ని 14 పరమాణువుల రింగు లెక్క మలుస్తది. అతికిన కాడ ఉండే ఆక్సిజన్‌ను ఉంచుడా తీసుడా అన్నది గూడ మాడ్యూలే చూస్కుంటది, మూడోది ముట్టకుండ ఇడిసిపెడ్తది, నాలుగోది మొత్తం తీసేస్తది. చక్కెరలు రెండు అతికేటియి మళ్ల వేరే ఎంజైములు, అవి లేకుంటే మందు పనిచెయ్యది.

— అక్కా, నేతంటే పడుగు, పేక రెండుండాలె గద? ఇక్కడున్నది ఒక్కటే దారం. దండ గుచ్చుడు అనొద్దా?

దండల ఏ పువ్వు ఎక్కడన్నది గుచ్చేటోళ్ల ఇష్టం తమ్మీ. పోచంపల్లి చిటికి, అదే ఇక్కత్ నేత చూడు, మగ్గం ఎక్కకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతరు, నేస్తుంటే డిజైన్ దానంతట అదే తేలుతది. ఇక్కడ గూడ మాడ్యూళ్ల వరుస జీన్లల్ల ముందే ఉంది, అది చదివితే అణువుల ఏ తావుల ఏముంటదో చెప్పొచ్చు, 1990ల మొదట్ల పీటర్ లీడ్లే, లెనార్డ్ కాట్జ్ అనే శాస్త్రవేత్తల టీములు చదివినయ్ ఆ జీన్లను. ఒక్క మాడ్యూల్ మారిస్తే అణువుల ఆ తావే మారుతది. అందుకే నేత అన్న.

అయినా పడుగు, పేక మాట నువ్వన్నదే నిజం. అల్లిక ఎంజైమ్ అందమా మరి? అల్లికకు ఒక్క దారం చాలు.