జూన్‌టీన్త్ వాలంటీర్లకు: ఎమాన్సిపేషన్ పార్కులో మన పనులు

సమన్వయం:
అందరికీ నమస్కారం. అమెరికాలో నల్లజాతివాళ్లు బానిసత్వం నుంచి విముక్తిని తలచుకుని జరుపుకునే పండగే జూన్‌టీన్త్. ఆ రోజు, జూన్ 19న, హ్యూస్టన్ థర్డ్ వార్డులో ఉన్న ఎమాన్సిపేషన్ (విముక్తి) పార్కు వేడుకలకు మన తెలుగు సంఘం నుంచి వాలంటీర్లుగా వెళ్తున్నాం. అక్కడివాళ్లు మనల్ని అడిగింది మంచినీళ్ల టేబుల్, పెద్దవాళ్లకు నీడలో కుర్చీలు, సాయంత్రం చెత్త ఎత్తడం. స్టేజీ ఇస్తామనలేదు, మనమూ అడగొద్దు. బ్యానర్ కూడా టేబుల్ ముందు కట్టేంత చిన్నదే.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం కాస్త వివరం. అధ్యక్షుడు లింకన్ బానిసల విముక్తి ప్రకటన 1863 జనవరి 1న వచ్చింది. కానీ టెక్సస్‌లో దాన్ని అమలు చేయించే సైన్యం లేదు. 1865 జూన్ 19న జనరల్ గోర్డన్ గ్రేంజర్ టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసలందరూ స్వతంత్రులంటూ మూడో నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. అప్పటికి ఈ రాష్ట్రంలో సుమారు 2,50,000 మంది బానిసత్వంలోనే ఉన్నారు. ‘వార్త చేరడం ఆలస్యమైంది’ అంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న పోస్టర్ దయచేసి వాడకండి. యజమానులకు సంగతి ముందే తెలుసు, వదలడం ఇష్టం లేదు. ఉత్తర్వు వచ్చాక కూడా పత్తి ఏరడం పూర్తయ్యేదాకా నోరు మెదపనివాళ్లు ఉన్నారు.

ఇక పార్కు సంగతి. 1872లో పాస్టర్ జాక్ యేట్స్, మరికొందరు చందాలు పోగుచేసి, ఈ పండగ జరుపుకోవడానికే 10 ఎకరాలు కొన్నారు. సంకెళ్లు తెగి అప్పటికి ఏడేళ్లే! సొంత హాలు కోసం మన సంఘం ఎప్పటినుంచి చందాలు అడుగుతోందో తలచుకుంటే నవ్వొస్తుంది.

సాంస్కృతిక విభాగం:
అన్నా, పిల్లలు కోలాటం బాగా ప్రాక్టీస్ చేశారు. ఐదు నిమిషాలైనా ఇస్తారేమో అడిగి చూద్దామా? తల్లిదండ్రులు ఒకటే ఫోన్లు, నాకు టెన్షన్‌గా ఉంది.

సమన్వయం:
వద్దమ్మా. కోలాటానికి మన దీపావళి స్టేజీ ఉంది. ఆ రోజు వాళ్ల పాటలు విందాం, పిల్లల చేత నీళ్ల సీసాలు పంచిద్దాం. మళ్లీ ఎవరైనా ఫోన్ చేస్తే నా నంబరు ఇచ్చేయి.

ఒక సభ్యుడు:
ఏమీ అనుకోకండి, ఇది మన పండగ కాదు కదా. సెలవు రోజు, ఆ ఎండలో...

సీనియర్ల విభాగం:
బాబూ, అమెరికా 1965 వలస చట్టానికి ముందు భారతదేశం నుంచి ఏడాదికి 100 మందికే కోటా. నల్లజాతివాళ్లు పౌరహక్కుల కోసం దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లిన కాలంలోనే, ఆ ఊపులోనే ఆ కోటా పద్ధతి పోయింది. మా తరం డాక్టర్లు, ఇంజనీర్లు విమానం ఎక్కింది ఆ తర్వాతే. నేను వస్తున్నాను. నీడలో కుర్చీ ఒకటి నాకూ వేసి ఉంచండి.

వంట బృందం:
ఆ రోజు ఎరుపు రంగు తిండి ఆనవాయితీ: పుచ్చకాయ, స్ట్రాబెర్రీ సోడా, రెడ్ వెల్వెట్ కేకు. ఎర్ర పానీయం మూలం పశ్చిమ ఆఫ్రికాలో చేసే మందార జాతి పువ్వుల షర్బత్‌లో ఉందని తిండి చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. ఆ మొక్క ఏదనుకున్నారు? మన గోంగూరే! మనం ఆకు తింటాం, వాళ్లు కాయ చుట్టూ ఉండే ఎర్రటి తొడుగును నీళ్లలో మరిగించి, వడకట్టి, పంచదార, అల్లం కలిపి చల్లగా తాగుతారు. ఎండబెట్టినవి మెక్సికన్ షాపుల్లో ‘హమైకా’ పేరుతో దొరుకుతాయి. బయటివాళ్లకు పంచాలంటే పర్మిట్ గొడవ ఉంటుంది కాబట్టి ముందు పార్కువాళ్లను అడగాలి. కుదరకపోతే మనవరకు తెచ్చుకుందాం.

బాలల తరగతి:
పిల్లలు కార్లో చదువుకోవడానికి గ్రేంజర్ ఉత్తర్వును తెలుగులో ఒక పేజీ చేశాను. బానిసలందరూ స్వతంత్రులు, హక్కుల్లో, ఆస్తి హక్కుల్లో పాత యజమానులతో పూర్తి సమానులు అని మొదలవుతుంది. ఆ వెంటనే ఉన్నచోటే నిశ్శబ్దంగా ఉండి కూలికి పనిచేసుకోండి, సైనిక శిబిరాల దగ్గర గుమిగూడొద్దు, ఊరికే కూర్చుంటే పోషించేది లేదు అంటుంది. పిల్లలకు ఈ రెండో సగం ఎందుకని ఇద్దరు అమ్మలు అడిగారు. తీసేయనా?

సమన్వయం:
తీయకండి అక్కా, అదే ముఖ్యం. వెట్టి పోయిందన్నాక కూడా తిండికి లేక అదే దొర ఇంటికి జీతానికి వెళ్లినవాళ్ల కథలు మా నల్గొండ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడా అంతే: స్వేచ్ఛ అని మాట ఇచ్చారు, భూమి ఇవ్వలేదు. పిల్లలు అడిగితే అడగనివ్వండి.

రవాణా:
పార్కు పక్క వీధిని పాతవాళ్లు ఇంకా డౌలింగ్ స్ట్రీట్ అనవచ్చు, కంగారు పడకండి. ఆ డౌలింగ్ బానిసత్వం నిలవాలన్న కాన్ఫెడరేట్ పక్షాన పోరాడినవాడు. విముక్తి పార్కుకు ఆనుకుని ఆయన పేరు 2017 దాకా ఉంది, చూడండి మరి! ఇప్పుడది ఎమాన్సిపేషన్ అవెన్యూ. పర్పుల్ లైన్ రైలు ఎల్గిన్/థర్డ్ వార్డ్ స్టేషన్లో ఆగుతుంది కానీ అక్కడినుంచి నడవాలి, పెద్దవాళ్లను మాత్రం కార్లలోనే తీసుకెళ్దాం. పెద్ద ఐస్ బాక్సులు రెండు, మడత కుర్చీలు వీలైనన్ని కావాలి. ఎవరి దగ్గర ఏముందో ఆదివారం లోపు ఇక్కడే రాయండి, వ్యాన్ ఉన్నవాళ్లు ముందు.